కుర్చీలో కూర్చుని గూఢచారిని పుట్టించినాయన

ఎడ్లపాడు, చిలకలూరిపేట, నరసరావుపేట... ఈ చుట్టుపక్కల నలభై యాభై దాటినోళ్ళని ఎవర్నన్నా కదిలించి షాడో పేరెత్తి చూడండి, మొహం వెలిగిపోద్ది. మధుబాబు గారి షాడో. అద్దె పుస్తకాల కొట్లో రోజుకింతని ఇచ్చి తెచ్చుకుని, క్లాసు పుస్తకం మధ్యలో దాచి చదివిన బాపతు మా తరం. పొద్దున తెచ్చిన పుస్తకం రాత్రికల్లా అయిపోవాల్సిందే, లేకపోతే రెండో రోజు అద్దె పడుద్ది. అందుకే నలుగురు కలిసి తెచ్చుకుని వంతులేసుకుని చదివేవాళ్ళం. కులకర్ణి గారు కబురు పెట్టాడంటే షాడో బయల్దేరినట్టే. ఇంక అన్నం నీళ్ళు గుర్తుండేవి కాదు.

ఈ మధ్య ఆ సీరీస్‌ని మళ్ళీ పట్టుకున్నా. రెండోసారి చదవడంలో ఒక తమాషా ఉంది. మొదటిసారి మన కళ్ళు కథ వెంట పరిగెత్తుతాయి. వీడు చస్తాడా బతుకుతాడా, బాంబు పేలుద్దా లేదా అనేదే ధ్యాస. రెండోసారికి వీడు చావడని మనకి ముందే తెలుసు. అప్పుడు కళ్ళు పక్కచూపులు చూస్తాయి. గదిలో కూర్చుని హుకుం జారీచేసే పై అధికారి, రహస్య సంస్థ, విదేశీ హోటళ్ళు, లోకాన్నంతా గుప్పిట్లో పెట్టుకోవాలని చూసే దుర్మార్గుడు, వాణ్ణి ఒంటిచేత్తో మట్టి కరిపించే ఏజెంటు. ఈ అచ్చు యాడిది? దీన్ని మొదట పోతపోసిందెవరు?

కాలవ గట్టు పట్టుకుని ఎగువకి పోతే చివరికి డ్యామ్ వచ్చినట్టు, ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి పోతే ఒక మనిషి దగ్గర ఆగుతాం. మనకి షాడో ఉన్నాడు. అంతకుముందు, 1966లో వచ్చిన గూఢచారి 116 సినిమాతో మన బుర్రిపాలెం కృష్ణ గారు ఆంధ్రా జేమ్స్‌బాండ్ అయిపోయారు. ఆ బాండ్‌ని రాసినాయన పేరు ఇయాన్ ఫ్లెమింగ్. బాండ్ పేరు తెలియనోళ్ళు లేరు. ఫ్లెమింగ్ పేరు తెలిసినోళ్ళు తక్కువ. ఆయన పోయి 60 ఏళ్ళు దాటింది. అగ్నివీర్ కోసం పొద్దున్నే చీకట్లో లేచి రోడ్డు మీద 1600 మీటర్ల పరుగు సాధన చేసే మన కుర్రోళ్ళు ఆయన కథ ఒకసారి వినాలని నాకనిపించింది. ఎందుకో చివరికి మీకే తెలుస్తది.

తండ్రి లేని పిల్లోడు

ఫ్లెమింగ్ 1908 మే 28న లండన్‌లో పుట్టాడు. మామూలు ఇల్లు కాదు. తాత రాబర్ట్ ఫ్లెమింగ్ స్కాట్లండ్‌లో చిన్న స్థాయి నుంచి పైకొచ్చి సొంత పేరు మీద బ్యాంకు పెట్టినోడు. తండ్రి వాలెంటైన్ బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు. డబ్బు, పేరు, పెద్ద పెద్ద స్నేహాలు అన్నీ ఉన్నాయి.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. పార్లమెంటులో ఉన్నా కూడా వాలెంటైన్ యుద్ధానికి పోయాడు. 1917 మేలో ఫ్రాన్స్‌లో ఫిరంగి గుండు దెబ్బకి కందకంలోనే ప్రాణం పోయింది. ఆయన మీద సంస్మరణ వ్యాసం రాసింది ఎవరో కాదు, విన్‌స్టన్ చర్చిల్. అప్పటికి మన ఇయాన్‌కి ఇంకా తొమ్మిదేళ్ళు నిండలేదు.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కందకంలో తండ్రి పోయిన పిల్లోడు పెద్దయ్యాక చావులేని సైనికుణ్ణి ఒకణ్ణి సృష్టించాడు. ఇది నా ఊహేననుకోండి. కానీ రెండోసారి చదివేవాడికి ఇట్టాంటి ఊహలు రాకుండా ఉండవు.

తండ్రి వీలునామాలో ఒక మెలిక ఉంది. ఆస్తంతా తల్లి చేతి కిందే ఉంటది, కానీ ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆ సుఖం పోద్ది. దాంతో పైకి గొప్పింటి బిడ్డే గానీ, ఇయాన్ చేతిలో సొంత డబ్బు ఆడేది కాదు. దానికి తోడు అన్న పీటర్. చదువులో ముందు, రాతలో ముందు. పాతికేళ్ళకే బ్రెజిల్ అడవుల్లో తిరిగొచ్చి పుస్తకం రాసి పేరు కొట్టేశాడు. తమ్ముడు చాలా ఏళ్ళు ఆ అన్న నీడలోనే బతికాడు.

ఎక్కడా కుదురులేదు

ఈటన్ అనే గొప్పోళ్ళ బడిలో ఇయాన్ ఆటల్లో ఛాంపియన్. చదువు అంతంతమాత్రం. అక్కణ్ణించి సాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలకి పంపితే 1927లో ఆఫీసరు కాకుండానే బయటికొచ్చాడు. ఆస్ట్రియా పంపారు. అక్కడ భాషలు నేర్చుకున్నాడు, మంచు కొండల మీద తిరిగాడు, కథలు రాయాలనే ఆశ మొలిచింది. విదేశాంగ శాఖ పరీక్ష రాస్తే తప్పాడు. మన దగ్గర గ్రూప్స్ రాసి రాసి అలిసిపోయినోళ్ళు ఉన్నారే, వాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. తేడా ఏందంటే, ఆయన తప్పిన ప్రతిసారీ ఇంటోళ్ళకి ఇంకో తలుపు తట్టే పలుకుబడి ఉంది. మనోళ్ళకి ఆ రెండో తలుపు ఉండదు.

ఆ పలుకుబడితోనే 1931లో రాయిటర్స్ వార్తాసంస్థలో చేరాడు. అక్కడ మాత్రం పనిమంతుడనిపించుకున్నాడు. 1933లో మాస్కోలో ఆరుగురు బ్రిటిష్ ఇంజనీర్ల మీద గూఢచర్యం కేసు నడిస్తే, ఆ విచారణ రాయడానికి పోయాడు. తోటి విలేకరులకంటే ముందు వార్త పంపాలని నానా తంటాలు పడ్డాడు. స్టాలిన్‌ని ఇంటర్వ్యూ అడిగితే, కుదరదని సంతకం పెట్టిన ఉత్తరం ఒకటొచ్చింది. తక్కువ మాటల్లో, తేదీలు, రంగులు, వస్తువుల పేర్లతో సహా రాయడం ఆయన నేర్చుకుంది ఈ పనిలోనే. బాండ్ నవలల్లో ప్రతి వస్తువుకీ కంపెనీ పేరుంటది చూడండి, దానికి వేరు ఇక్కడుంది.

జీతం చాల్లేదని అది కూడా మానేసి బ్యాంకుకీ, తర్వాత షేర్ల వ్యాపారానికీ పోయాడు. అందులో ఆయన ఏం పొడిచిందీ లేదు. 31 ఏళ్ళొచ్చేసరికి ఆయన లెక్క ఇదీ: మంచి బట్టలు, మంచి తిండి, ఆడస్నేహాలు, చేతిలో సిగరెట్టు, చేసిన ఘనకార్యం సున్నా.

39వ నంబరు గది

1939లో రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొస్తుంటే, బ్రిటిష్ నౌకాదళ గూఢచారి విభాగం అధిపతి జాన్ గాడ్‌ఫ్రీకి ఒక సహాయకుడు కావాల్సొచ్చింది. నలుగుర్లో తిరిగిన మనిషి, భాషలు తెలిసినోడు, నోరున్నోడు. ఫ్లెమింగ్ దొరికాడు. లండన్‌లో నౌకాదళ కార్యాలయంలో 39వ నంబరు గది. ఆయన గుర్తు 17ఎఫ్. కొంతకాలానికి కమాండర్ హోదా కూడా ఇచ్చారు. బాండ్ కూడా కమాండరే. బాండ్‌కి హుకుం ఇచ్చే ఎమ్ అనే ముసలాయనలో గాడ్‌ఫ్రీ పోలికలు బాగా ఉన్నాయి. అంటే మన కులకర్ణి గారికి కూడా యాడో దూరపు చుట్టరికం ఉందన్నమాట.

ఫ్లెమింగ్ శత్రువు గడ్డ మీద దొంగచాటుగా దిగలేదు. ఎవడి గొంతూ కోయలేదు. ఆయన యుద్ధమంతా ఫైళ్ళు, ఫోన్లు, మీటింగులు, మెమోలు. కానీ ఆ మెమోల్లో ఊహ ఉంది. 1940లో ఆయన ఒక పథకం రాశాడు. జర్మన్ల దగ్గర పట్టుకున్న విమానం ఒకటి తీసుకుని, మనోళ్ళకే జర్మన్ బట్టలేసి, సముద్రంలో పడేయాలి. కాపాడ్డానికి జర్మన్ పడవ వస్తే, దాన్నే పట్టుకుని అందులో ఉన్న రహస్య సంకేతాల పుస్తకాలు లాక్కోవాలి. ఎనిగ్మా అనే జర్మన్ సంకేత యంత్రం గుట్టు విప్పడానికి అవి అవసరం. సరైన పడవ దొరక్క ఆ పథకం మూలనపడింది. సంకేతాలు విప్పే పనిలో ఉన్నోళ్ళు చాలా నిరాశపడ్డారు.

1942లో ఇంకో పని చేశాడు. ముందు వరసలో సైన్యంతో పాటే దూసుకుపోయి, శత్రువు ఆఫీసుల్లో కాగితాలు తగలబెట్టేలోపే పట్టుకునే కమాండోల దళం. దాని పేరు 30 అసాల్ట్ యూనిట్. ఏ ఊళ్ళో ఏ కాగితం కోసం వెతకాలో లండన్ నుంచి ఫ్లెమింగ్ చెప్పేవాడు. యుద్ధం చివర్లో జర్మన్ నౌకాదళం పాత రికార్డులన్నీ ఒక కోటలో దొరికితే ఆయనే స్వయంగా పోయాడు.

ఇక్కడొక మాట. నిజమైన గూఢచర్యమంటే ముప్పాతిక మువ్వీసం ఇదే. కాగితం చదివేవాడు, చదివిందాన్ని ఇంకో కాగితంతో పోల్చేవాడు, అనుమానం వచ్చిన చోట గీత గీసేవాడు. మన దేశంలో 1968లో పెట్టిన రా సంస్థకి మొదటి అధిపతి ఆర్.ఎన్. కావ్ గారు. ఆయన ఫొటోలు కూడా అరుదు. హీరోలాగా కనపడకపోవడమే ఆ ఉద్యోగంలో మొదటి అర్హత.

నవల్లోంచి నడిచొచ్చిన శవం

యుద్ధం మొదలైన కొత్తల్లోనే, 1939 సెప్టెంబరులో, శత్రువుని మోసం చేసే ఉపాయాలతో ఒక జాబితా గాడ్‌ఫ్రీ పేరు మీద తిరిగింది. రాసిన చెయ్యి ఫ్లెమింగ్‌దేనని చాలామంది నమ్మకం. అందులో 28వ ఉపాయం: ఒక శవానికి సైనికుడి బట్టలేసి, జేబులో దొంగ కాగితాలు పెట్టి, శత్రువుకి దొరికేట్టు వదలాలి. ఈ ఉపాయాన్ని బేసిల్ థామ్సన్ అనే ఆయన రాసిన డిటెక్టివ్ నవల్లోంచి తీసుకున్నట్టు ఆ జాబితాలోనే ఉంది. చూశారా, కాలక్షేపం పుస్తకమని తీసిపారేసే సరుకు యుద్ధ కార్యాలయంలోకి ఎట్టా దూరిందో.

నాలుగేళ్ళ తర్వాత దాన్ని నిజం చేశారు. నడిపింది ఫ్లెమింగ్ కాదు, ఎవెన్ మాంటేగూ, చార్లెస్ చమ్లీ అనే ఇద్దరు అధికారులు. మేజర్ విలియం మార్టిన్ అని ఒక లేని మనిషిని పుట్టించారు. ఆయనకొక ప్రేయసిని పెట్టారు, ఆమె ఫొటో, ఉత్తరాలు, ఉంగరం కొన్న రసీదు జేబులో పెట్టారు. కోటు బెల్టుకి గొలుసుతో పెట్టె కట్టారు. అందులో దొంగ ఉత్తరాలు. బ్రిటన్, అమెరికా సైన్యాలు గ్రీసు మీదా, సార్డీనియా మీదా దిగబోతున్నాయని వాటి సారాంశం. 1943 ఏప్రిల్ నెలాఖరున ఒక జలాంతర్గామి ఆ శవాన్ని స్పెయిన్ ఒడ్డున, ఉఎల్వా ఊరి దగ్గర వదిలింది. కాగితాలు తిరిగి తిరిగి జర్మన్ల చేతికి పోయినాయి. హిట్లర్ నమ్మాడు. సైన్యాన్ని గ్రీసు వైపు జరిపాడు. జులైలో అసలు దాడి సిసిలీ మీద జరిగింది. ఎన్ని వేల ప్రాణాలు దక్కినాయో లెక్కకట్టడం కష్టం.

ఇంతవరకూ వింటే భలే ఉంది గదా. ఇప్పుడు రెండోసారి చదువుదాం. ఆ శవం ఎవరిది?

ఆ మనిషి పేరు గ్లిండూర్ మైకేల్. వేల్స్‌లో 1909లో పుట్టాడు. ఫ్లెమింగ్ కంటే ఏడాది చిన్న. ఆయన తండ్రి బొగ్గుగనిలో కూలి. పేదరికం, జబ్బు తట్టుకోలేక తనని తాను పొడుచుకుని, తర్వాత ఆసుపత్రిలో పోయాడు. తల్లి 1940లో పోయింది. ఆ తర్వాత ఈయనకి ఇల్లు లేదు, పని లేదు. లండన్ చేరి దిక్కులేకుండా తిరిగాడు. 1943 జనవరిలో ఎలకల మందు కడుపులోకి పోయి చనిపోయాడు. కావాలని తిన్నాడో, ఆకలికి ఎలకల కోసం పెట్టిన రొట్టె తిన్నాడో ఎవరికీ తెలియదు. శవం కోసం వచ్చేవాళ్ళు లేరు. అందుకే ఆ శవం పనికొచ్చింది.

ఇద్దరు పిల్లోళ్ళు. ఇద్దరికీ ఏడాది తేడా. ఇద్దరూ చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. ఒకడి తండ్రికి చర్చిల్ నివాళి రాశాడు. ఇంకొకడి తండ్రికి రాసినోడు లేడు. ఒకడు గదిలో కూర్చుని ఉపాయం రాశాడు. ఇంకొకడు ఆ ఉపాయానికి ఒళ్ళు అయ్యాడు, అదీ తనని అడక్కుండానే. పురుగుమందు తాగి పోయిన రైతుల ఇళ్ళు చూసిన పల్నాడు వాళ్ళకి ఈ కథలో ఎవరి పక్క నిలబడాలో నేను చెప్పాల్సిన పని లేదు.

స్పెయిన్‌లో సమాధి మీద చాలా ఏళ్ళు మేజర్ మార్టిన్ అనే దొంగ పేరే ఉంది. 1998లో గ్లిండూర్ మైకేల్ అనే అసలు పేరు కూడా చెక్కారు. చచ్చిన 55 ఏళ్ళకి ఆయనకి పేరు దక్కింది.

సముద్రం ఒడ్డున ఇల్లు

యుద్ధంలో ఒక పని మీద ఫ్లెమింగ్ జమైకా దీవికి పోయాడు. వర్షంలో తడిసిన ఆ దీవిని చూసి, యుద్ధం అయ్యాక ఇక్కడే ఇల్లు కట్టుకుని పుస్తకాలు రాస్తానని అనుకున్నాడు. 1946లో కట్టేశాడు. దానికి గోల్డెన్‌ఐ అని పేరు పెట్టాడు. అది యుద్ధకాలంలో ఆయన నడిపిన ఒక పథకం పేరు. లండన్‌లో పేపరాఫీసులో విదేశీ వార్తల మేనేజరు ఉద్యోగం దొరికింది. అందులో చేరేటప్పుడే, ప్రతి చలికాలం రెండు మూడు నెలలు జమైకాలో ఉంటానని ఒప్పందం రాయించుకున్నాడు.

కానీ పుస్తకం మాత్రం ఆరేళ్ళపాటు రాలేదు. 1952లో వచ్చింది. అప్పటికి ఆయనకి 43. ఆన్ అనే ఆవిడతో ఎన్నో ఏళ్ళ ప్రేమ. ఆమె పెద్ద పత్రికాధిపతి భార్య. విడాకులు తీసుకుని ఈయన్ని చేసుకోబోతోంది, అప్పటికే కడుపుతో ఉంది. ముదురు బ్రహ్మచారికి పెళ్ళంటే గుబులు పట్టుకుంది. ఆ గుబులు మర్చిపోవడానికి టైపు మిషన్ ముందు కూర్చున్నాడు. రెండు నెలలు తిరక్కుండానే క్యాసినో రాయల్ పూర్తయింది. మార్చి 24న పెళ్ళి. ఆగస్టు 12న కొడుకు క్యాస్పర్ పుట్టాడు.

హీరోకి సాదాసీదా పేరు కావాల్సొచ్చింది. బల్ల మీద వెస్టిండీస్ పక్షుల మీద పుస్తకం ఉంది. రాసిన అమెరికన్ పక్షుల శాస్త్రవేత్త పేరు జేమ్స్ బాండ్. పేరు దొరికింది. మన కుర్రోళ్ళు గోడల మీద పోస్టర్లు అంటించుకున్న పేరు అసలుకి పిట్టల్ని లెక్కపెట్టే ఒక పెద్దమనిషిది.

రాయాలనుకునే కుర్రోళ్ళు ఇది గమనించండి. ఆయన పద్ధతి చాలా మామూలు. పొద్దున్నే సముద్రంలో ఈత, టిఫిను, తర్వాత మధ్యాహ్నం దాకా టైపు మిషన్. రోజుకి 2000 మాటలు. సాయంత్రం ఇంకో గంట. వెనక్కి తిరిగి చూసుకోవడం, దిద్దుకోవడం ఉండదు. అవన్నీ పుస్తకం అయిపోయాకే. ఇట్టా ప్రతి ఏడూ చలికాలం ఒక పుస్తకం చొప్పున చివరి దాకా రాశాడు. మొత్తం 12 నవలలు, రెండు కథల పుస్తకాలు. మూడ్ రాలేదని కూర్చునే అలవాటు ఆయనకి లేదు.

మొదటి పుస్తకం 1953 ఏప్రిల్లో 4,728 కాపీలతో బయటికొచ్చింది. నెల తిరక్కుండానే అయిపోయినాయి. కానీ నిజంగా అదృష్టం తిరిగింది 1961లో. అమెరికా అధ్యక్షుడు కెనెడీకి ఇష్టమైన పది పుస్తకాల జాబితా ఒక పత్రికలో వచ్చింది. అందులో ఫ్రమ్ రష్యా విత్ లవ్ ఉంది. అమెరికాలో బాండ్ పుస్తకాలు ఎగబడి కొన్నారు.

ఒక పాఠకుడి సంగతి కూడా చెప్పాలి. గ్లాస్గోలో ఉండే జెఫ్రీ బూత్‌రాయిడ్ అనే తుపాకుల నిపుణుడు 1956లో ఫ్లెమింగ్‌కి ఉత్తరం రాశాడు. బాండ్ వాడే బెరెట్టా ఆడోళ్ళు బ్యాగులో పెట్టుకునే రకమనీ, వేరే తుపాకీ ఇవ్వమనీ దాని సారాంశం. పేరున్న రచయితకి రోషం రావాలి గదా. రాలేదు. ఉత్తరాలు నడిపాడు, సలహా తీసుకున్నాడు. 1958లో వచ్చిన డాక్టర్ నో నవల్లో బాండ్ చేతికి వాల్తర్ పీపీకే ఇచ్చాడు. అది ఇచ్చే ఆయుధాల అధికారికి మేజర్ బూత్‌రాయిడ్ అని పేరు పెట్టి బాకీ తీర్చుకున్నాడు.

ఓడిపోతున్న దేశానికి గెలిచే హీరో

ఇప్పుడు అసలు మాటకొద్దాం. బాండ్ పుట్టిన కాలం చూడండి. 1947లో మనం స్వతంత్రులమైపోయాం. బ్రిటన్ చేతుల్లోంచి ఒక్కో దేశమూ జారిపోతోంది. యుద్ధం గెలిచిందన్న మాటే గానీ బ్రిటన్‌లో తిండికి రేషను. 1956లో సూయజ్ కాలవ కోసం ఈజిప్టు మీదికి పోయి పరువు పోగొట్టుకుంది. ఆ దెబ్బకి ఆరోగ్యం చెడిపోయిన ప్రధాని ఆంథొనీ ఈడెన్ విశ్రాంతి కోసం యాడికి పోయాడో తెలుసా? జమైకాలో ఫ్లెమింగ్ ఇంటికి. సామ్రాజ్యం పోగొట్టుకున్న పెద్దమనిషి, బాండ్ పుట్టిన ఇంట్లోనే సేదతీరాడు. ఏ నవలా రచయితా ఇంత చక్కగా కల్పించలేడు.

బయట ఓడిపోతుంటే పుస్తకంలో గెలిచారు. అదే బాండ్ చేసిన పని. ఆ గెలుపులో నల్లోళ్ళనీ, ఆసియా వాళ్ళనీ ఎట్టా చూశాడో ఇప్పుడు చదివితే చిరాకేసిద్ది. లివ్ అండ్ లెట్ డైలో నల్లజాతి మనుషుల మీద రాతలు ఎంత మొరటుగా ఉన్నాయంటే, 2023లో కొత్త ముద్రణ వేసినప్పుడు ప్రచురణకర్తలే కొన్ని మాటలు మార్చారు. ఆడోళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. చాలా నవలల్లో వాళ్ళు వస్తారు, పోతారు. జమైకా మనుషులు వంట చేస్తారు, పడవ నడుపుతారు, చచ్చిపోతారు. ఆ జమైకా 1962 ఆగస్టులో స్వతంత్రం తెచ్చుకుంది. అదే దీవిలో తీసిన మొదటి బాండ్ సినిమా డాక్టర్ నో రెండు నెలలకి తెర మీదికొచ్చింది.

మరి మనోళ్ళు ఏం చేశారు? తెల్లోడు తన కోసం కుట్టుకున్న కోటు విప్పించి మనకి సరిపోయేట్టు కుట్టుకున్నారు. తెనాలిలో పుట్టిన కొమ్మూరి సాంబశివరావు గారు డిటెక్టివ్ యుగంధర్‌ని, అసిస్టెంట్ రాజుని తెలుగోళ్ళ ఇళ్ళల్లోకి తెచ్చిపెట్టారు. మల్లికార్జునరావు గారి దర్శకత్వంలో డూండీ గారు తీసిన గూఢచారి 116 ఎంత ఆడిందంటే, మరుసటేడే హిందీలో జితేంద్రతో ఫర్జ్ పేరుతో తీశారు. పడమర నుంచి వచ్చిన సరుకు తెలుగు మీదుగా ఉత్తరాదికి పోయింది. ఆ తర్వాత షాడో. బాండ్ రాణి గారి నౌకరు. షాడో మన దేశం మనిషి. ఇంగ్లీషు రాని ఊళ్ళల్లో, ఒక్కసారి కూడా విమానం ఎక్కనోళ్ళకి, లోకమంతా తిప్పి చూపించాడు. చాలామందికి చదివే అలవాటు అంటించింది వాచకాలు కాదు, షాడోనే. ఇది చిన్న మేలు కాదు.

56 ఏళ్ళకే

ఫ్లెమింగ్‌కి గెలుపు ఎక్కువకాలం దక్కలేదు. రోజుకి 60, 70 సిగరెట్లు. దానికి తోడు మందు. బాండ్ ఎంత తాగినా మర్నాటికి కొండలెక్కుతాడు. రాసినోడి ఒళ్ళు అట్టా ఒప్పుకోలేదు. సినిమా కోసం కెవిన్ మెక్లోరీ, జాక్ విటింగమ్ అనే ఇద్దరితో కలిసి అల్లిన కథని థండర్‌బాల్ పేరుతో సొంత నవలగా వేసుకున్నాడు. వాళ్ళు కోర్టుకెక్కారు. 1961 వసంతంలో ఆఫీసు మీటింగులో ఉండగానే గుండెపోటు వచ్చింది. మంచం మీద ఉండి కొడుకు కోసం ఎగిరే కారు కథ ఒకటి రాశాడు. చిట్టీ చిట్టీ బ్యాంగ్ బ్యాంగ్ అంటే ఇప్పటికీ పిల్లలకి ఇష్టం. 1963 చివర్లో కేసు రాజీ అయింది. థండర్‌బాల్ సినిమా హక్కులు మెక్లోరీకి పోయినాయి.

1964 ఆగస్టు 12న, 56 ఏళ్ళకి, ఇంకో గుండెపోటుతో ఫ్లెమింగ్ పోయాడు. ఆ రోజు కొడుకు క్యాస్పర్ 12వ పుట్టినరోజు. నెల తర్వాత గోల్డ్‌ఫింగర్ సినిమా విడుదలై లోకమంతా ఊగిపోయింది. రాసినోడు చూళ్ళేదు. బతికుండగానే దాదాపు మూడు కోట్ల పుస్తకాలు అమ్ముడుపోయినాయంటారు. ఆ డబ్బు క్యాస్పర్‌ని కాపాడలేకపోయింది. 1975లో, 23 ఏళ్ళకే, ఎక్కువ మోతాదులో మందులు మింగి పోయాడు. తొమ్మిదేళ్ళకి తండ్రి పోయిన మనిషి, తన కొడుకుని పన్నెండేళ్ళకి వదిలేసి పోయాడు. ఆ ఇంట్లో అది రెండుసార్లు జరిగింది.

చదవండి, కానీ రెండుసార్లు

ఈ కథ చెప్పి బాండ్‌ని, షాడోని చదవొద్దని నేననను. నేనే మళ్ళీ చదువుతున్నా గదా. ఆ వేగం, ఆ ఉత్కంఠ, ఇంకొక్క పేజీ, ఇంకొక్క పేజీ అంటూ లాక్కుపోయే గుణం రీల్స్‌కి లేదు. రీలు మన వేలిని కదిలించిద్ది, నవల మన బుర్రని కదిలించిద్ది. పైగా పుస్తకంలో హీరో మొహం మనమే గీసుకోవాలి.

కానీ మొదటిసారి హీరో వెంట చదివారా, రెండోసారి మిగతావాళ్ళ వెంట చదవండి. పడవ నడిపినోడి పేరేంది? కాపలా కాస్తూ ఒక్క దెబ్బకి పోయినోడికి ఇల్లుందా? వాడి కోసం ఎవరన్నా ఎదురుచూస్తున్నారా? యుద్ధ సినిమా చూసేటప్పుడు, ఎన్నికలప్పుడు దేశభక్తి ఉపన్యాసం వినేటప్పుడు, యూట్యూబ్‌లో రహస్య ఆపరేషన్ అంటూ ఊదరగొట్టే వీడియో చూసేటప్పుడు కూడా ఇదే ప్రశ్న వేసుకోండి.

సైన్యంలో చేరాలనుకునే తమ్ముళ్ళకి ఇంకో మాట. చేరండి. అది గౌరవమైన పని, ఇంటికి ఆసరా కూడా. కానీ షాడో అవుదామని కాదు. అక్కడ ఒంటిచేత్తో గెలిచేవాడు ఉండడు. పక్కనోడి ప్రాణం మన చేతిలో, మన ప్రాణం పక్కనోడి చేతిలో ఉంటది. మ్యాపు చదవడం, భాష నేర్చుకోవడం, నోరు కట్టేసుకోవడం, చెప్పిన టైముకి చెప్పిన చోట ఉండటం, అక్కడ విలువ వీటికి. పరుగు ఎంత ముఖ్యమో చదువూ అంతే ముఖ్యం. కుర్చీలో కూర్చుని యుద్ధాన్ని నడిపినోళ్ళంతా చదువుకున్నోళ్ళే. ఆ కుర్చీలోకి మన ఊరి బిడ్డ కూడా పోవాలి. అప్పుడు ఉపాయం రాసే చెయ్యికి, దాన్ని మోసే ఒంటికి మధ్య ఉన్న దూరం కాస్తన్నా తగ్గుద్ది.

బాండ్ ఇంకా బతికే ఉన్నాడు, ఇంకా చాలాకాలం బతుకుతాడు. ఆయన్ని కొత్త కొత్త నటులు మోస్తూనే ఉంటారు. గ్లిండూర్ మైకేల్‌ని మాత్రం మనం తలుచుకుంటేనే ఉంటాడు. ఈసారి పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ పేరు ఒక్కసారి పైకి అనుకోండి.